మరాంగ్ గోంకే జైపాల్ సింగ్ ముండా: చర్చి బడిలో చదివి, ఆదివాసీలందరి తరఫున నిలిచిన నాయకుడు



మన నాయకుల గురించి చెప్పుకునేటప్పుడు బిర్సా ముండా, కొమురం భీమ్ పేర్లు ముందుగా నోటికి వస్తాయి. వారు అడవిలో, కొండల్లో నిలబడి పోరాడారు. ఇంచుమించు భీమ్ ఈడువాడే అయిన మరో ఆదివాసీ బిడ్డ ఢిల్లీలో, రాజ్యాంగ సభలో నిలబడి పోరాడారు. ఆయనే జైపాల్ సింగ్ ముండా. జార్ఖండ్ ప్రజలు ఆయనను మరాంగ్ గోంకే అంటారు. మహా నాయకుడు అని దాని అర్థం.

ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన భారత హాకీ జట్టుకు తొలి కెప్టెన్‌గా ఆయన చాలామందికి తెలుసు. ఐదవ షెడ్యూల్ మీద మాట్లాడిన సభ్యుడిగా మరికొందరికి తెలుసు. ఈ వ్యాసంలో మరో కోణం చెప్పుకుందాం. జైపాల్ సింగ్ క్రైస్తవుడు. ఆంగ్లికన్ మిషన్ బడిలో పెరిగారు, పాదిరీ కావలసినవారు. ఆయన నాయకత్వం వహించిన ఆదివాసీల్లో ఎక్కువమంది మాత్రం క్రైస్తవులు కారు. సాల చెట్ల వనంలో, సర్నా దగ్గర, తాతల నాటి దేవుళ్లను కొలిచేవారు. ఒక మతంలో పెరిగిన మనిషి వేరే నమ్మకం గల తన వాళ్లందరికీ నాయకుడు ఎలా అయ్యారు? చర్చి నేర్పిన విలువలు ఆయన ప్రజాసేవలో ఎక్కడ కనిపిస్తాయి? ఒకే గూడెంలో ఒక పక్క చర్చి, మరో పక్క ఊరి దేవత గద్దె ఉన్న మనకు ఈ ప్రశ్నలు దూరపువి కావు.

పహాన్ల ఊరిలో పుట్టుక

జైపాల్ సింగ్ 1903 జనవరి 3న పుట్టారు. ఊరు నేటి జార్ఖండ్‌లోని ఖుంటీ ప్రాంతంలో ఉన్న టక్రా పహాన్‌టోలీ. అప్పట్లో అది రాంచీ జిల్లా. ఇంట్లో పెట్టిన పేరు ప్రమోద్ పహాన్. పహాన్ అంటే ముండాల ఊరి పూజారి. మన కోయ గూడేల్లో వడ్డె, గోండు గూడేల్లో కటోడా ఎలాగో అక్కడ పహాన్ అలాగ.

ఆయన పుట్టేనాటికి బిర్సా ముండా రాంచీ జైలులో కన్నుమూసి మూడేళ్లు కూడా కాలేదు. 1900 జూన్ 9న బిర్సా మరణించారు. ముండాల భూములు జమీందార్ల చేతుల్లోకి, బయటి వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి పోతున్న కాలం అది. అడవి నరికి పొలం చేసుకున్న వంశానికే ఆ పొలం చెందుతుందనే ఖూంట్‌కట్టీ పద్ధతి కూలిపోతోంది.

ఆ ప్రాంతానికి మిషన్లు రావడం 1845లో జర్మన్ గోస్నర్ మిషన్‌తో మొదలైంది. తరువాత వారిలో చీలిక వచ్చి కొందరు ఆంగ్లికన్ చర్చిలో చేరారు. 1885 నుంచి కాథలిక్ ఫాదర్ కాన్‌స్టంట్ లీవెన్స్ పనిచేశారు. ఆదివాసీలు మిషన్ల వైపు వెళ్లడానికి బోధ ఒక కారణమైతే, భూమి కేసులు మరో కారణం. కోర్టులో మాట్లాడే మనిషి, కాగితం చదివే మనిషి వారికి అక్కడ దొరికాడు. 1908లో వచ్చిన ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం రూపు దిద్దుకోవడంలో జెసూట్ ఫాదర్ హాఫ్‌మన్ పాత్ర ఉంది. అంటే ఆ నేలలో చర్చి గంట, భూమి తగాదా, బడి పలక మొదటి నుంచీ ఒకదానితో ఒకటి ముడిపడే ఉన్నాయి.

పాదిరీ కావలసిన కుర్రవాడు

ప్రమోద్‌ను రాంచీలోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చేర్చారు. అది ఆంగ్లికన్ మిషన్ బడి. అక్కడే అతడు జైపాల్ సింగ్ అయ్యాడు. చదువులోనూ ఆటలోనూ ముందుండే ఈ కుర్రవాడిని ప్రిన్సిపాల్ కానన్ కాస్‌గ్రేవ్ గమనించారు. 1918లో తాను ఇంగ్లాండు తిరిగి వెళ్తూ వెంట తీసుకెళ్లారు. కాంటర్‌బరీలోని సెయింట్ అగస్టీన్ కళాశాలలో చేర్పించారు. మిషన్ సేవకు వెళ్లే పాదిరీలను తయారు చేసే కళాశాల అది.

అక్కడి నుంచి జైపాల్ ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలకు వెళ్లి అర్థశాస్త్రం చదివారు. హాకీలో ఆక్స్‌ఫర్డ్ బ్లూ సాధించారు. ఆ విశ్వవిద్యాలయం తన మేటి క్రీడాకారులకు ఇచ్చే గౌరవం అది.

ఆయన పాదిరీ కాలేదు. గురువు ఆశ ఆ రూపంలో నెరవేరలేదు. కానీ తనకు దొరికిన చదువు తన ఒక్కడిది కాదని, అది తన జనానికి ఉపయోగపడాలని మిషన్ బడి నేర్పిన మాట ఆయన జీవితంలో ఇరవై ఏళ్ల తరువాత బయటపడింది. దానికి ముందు ఆయన చాలా దూరం తిరగవలసి వచ్చింది.

రెండు వదులుకోవడాలు

చదువయ్యాక జైపాల్ ఐసీఎస్‌కు ఎంపికయ్యారు. ఆనాడు భారతీయుడికి అంతకంటే పెద్ద ఉద్యోగం లేదు. ఇంగ్లాండులో శిక్షణలో ఉండగానే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్లే భారత హాకీ జట్టుకు కెప్టెన్‌గా రమ్మని పిలుపు వచ్చింది. సెలవు ఇవ్వలేదు. ఆయన వెళ్లిపోయారు. ధ్యాన్‌చంద్ ఉన్న ఆ జట్టు మొత్తం 29 గోల్స్ కొట్టి, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా బంగారు పతకం గెలిచింది. జట్టులో వచ్చిన విభేదాల వల్ల జైపాల్ చివరి మ్యాచ్‌లు ఆడలేదు. హాలండ్‌తో జరిగిన ఫైనల్ ఆయన లేకుండానే జరిగింది.

తిరిగి వచ్చాక శిక్షణ మరో ఏడాది చేయాలన్నారు. ఆయన ఐసీఎస్‌నే వదిలేశారు. తరువాత బర్మా షెల్ కంపెనీలో ఉద్యోగం చేశారు. ఆఫ్రికాలో నేటి ఘనా అయిన గోల్డ్ కోస్ట్‌లో అచిమోటా కళాశాలలో పాఠాలు చెప్పారు. రాయ్‌పూర్‌లో రాజకుమారులు చదివే కళాశాలలో పనిచేశారు. బికనీర్ సంస్థానంలో ఉన్నత పదవిలో ఉన్నారు. కోట్లు, సూట్లు, కార్లు, క్లబ్బులు అన్నీ అమరిన జీవితం. టక్రా ఊరి మట్టి దారికి దాంతో సంబంధం లేదు.

ఆ జీవితాన్ని కూడా ఆయన వదులుకున్నారు. ఇది మొదటిదానికంటే పెద్ద త్యాగం. ఐసీఎస్ వదిలినప్పుడు చేతిలో ఆట ఉంది, వయసు ఉంది. ఈసారి వదిలింది స్థిరపడిన హోదాను. ఎదురుగా ఉన్నది డబ్బులేని, దారిలేని, తమలో తాము చీలిపోయిన జనం.

చీలిన ఇంటిని కలపడం

అప్పటికి ఛోటానాగ్‌పూర్‌లో ఆదివాసీ సంఘాలు లేకపోలేదు. 1915లో మొదలైన ఛోటానాగ్‌పూర్ ఉన్నతి సమాజ్ ఉంది. అందులో లూథరన్, ఆంగ్లికన్ చదువరుల మాట ఎక్కువగా చెల్లేది. కాథలిక్కులకు తమ సభ వేరు. రైతుల తరఫున కిసాన్ సభ వేరు. బోధ ఒక్కటే అయినా మిషన్ల మధ్య పోటీ ఉండేది. ఒకే వంశంలో అన్న లూథరన్, తమ్ముడు కాథలిక్, పెదనాన్న సర్నా అయిన ఇళ్లు ఉండేవి. పెళ్లి దగ్గర, చావు దగ్గర, పండుగ దగ్గర ఆ గీతలు కనిపించేవి.

1938లో ఈ సంఘాలు కలిసి ఆదివాసీ మహాసభగా ఏర్పడ్డాయి. 1939 జనవరిలో రాంచీలో జరిగిన మహాసభకు జైపాల్ సింగ్‌ను అధ్యక్షుడిగా పిలిచారు. ఊళ్ల నుంచి నడిచి, వంట సామాను వెంట తెచ్చుకుని జనం వేలల్లో వచ్చారు. ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ముండా బిడ్డను చూడడానికి వచ్చినవారిలో చర్చికి వెళ్లేవారు, వెళ్లనివారు కలిసే ఉన్నారు.

ఆ వేదిక మీద జైపాల్ తన చర్చి తరఫున మాట్లాడి ఉంటే మహాసభ మరో క్రైస్తవ సంఘంగా మిగిలేది. మహాసభ మీద ఆ అనుమానం అప్పటికే ఉంది. చదువుకున్నవారిలో క్రైస్తవులే ఎక్కువ కాబట్టి అది వారి సంఘమే అనేవారు ఉన్నారు. సర్నా ఆదివాసీల్లో కొందరు దూరంగా కూడా నిలిచారు. జైపాల్ ఎంచుకున్న మాట ఆదివాసీ. ముండా, ఉరావ్, హో, సంతాల్, ఖరియా అందరూ ఒకే మాట కింద నిలబడవచ్చు. ఏ దేవుడికి మొక్కుతావని ఆ మాట అడగదు. ఆదివాసీల కోసం ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరిక ఆ వేదిక నుంచే బలపడింది.

పొరుగువాడు ఎవరు అన్న ప్రశ్నకు క్రైస్తవ బోధలో ఒక పాత కథ జవాబు చెబుతుంది. దారిలో గాయపడి పడివున్నవాడిని తన మతం వాళ్లు దాటి వెళ్లిపోగా, పరాయివాడని అందరూ దూరం పెట్టే సమరయుడు ఎత్తుకుని సత్రానికి చేర్చిన కథ. ఆదివారం బడిలో ప్రతి పిల్లవాడూ వినే కథ అది. జైపాల్ రాజకీయాన్ని ఆ కథ పక్కన పెట్టి చూస్తే బాగా అర్థమవుతుంది.

రాజ్యాంగ సభలో

1946లో జైపాల్ సింగ్ బిహార్ నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ ఏడాది డిసెంబర్ 19న లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడారు. తనను జంగిలీ అని పిలిచినా సిగ్గుపడనని, ఆ పేరును గర్వంగా ధరిస్తానని చెప్పారు. ఆదివాసీలకు ప్రజాస్వామ్యం నేర్పవలసిన పని లేదని, వారి దగ్గరే మిగిలినవారు నేర్చుకోవచ్చని అన్నారు. ఎన్ని శతాబ్దాలుగా తన జనాన్ని వెనక్కు నెట్టారో గుర్తు చేశారు. అయినా కొత్త దేశం మాటను నమ్ముతున్నామని, అందరికీ సమానావకాశం దొరికే కొత్త అధ్యాయం కోసం ఎదురు చూస్తున్నామని తెలిపారు. సభలో మగవాళ్లే మరీ ఎక్కువ ఉన్నారని, ఇంకా స్త్రీలు కావాలని కూడా అన్నారు.

ఆ ప్రసంగంలో జాలి కోరడం లేదు. మా వాళ్లు పేదలు, దయ చూపండి అనలేదు. మనుషులందరూ దేవుడి ముందు సమానులన్న బోధలో పెరిగినవాడికి, ముండా గ్రామ సభలో అందరూ కలిసి కూర్చుని నిర్ణయం తీసుకోవడం చూసినవాడికి ఆ గొంతు సహజంగా వచ్చింది. ఆ రెండూ ఆయనలో ఒకదానితో ఒకటి తగవు పడలేదు.

1948 నవంబరులో మద్యనిషేధం మీద చర్చ వచ్చింది. ఇక్కడే జైపాల్ నాయకత్వాన్ని బాగా చూడవచ్చు. ముండాలు బియ్యాన్ని పులియబెట్టి ఇలి తయారు చేస్తారు. మిగిలినవారు దాన్ని హండియా అంటారు. మన దగ్గర ఇప్పపువ్వు, జీలుగు కల్లు దేవతకు పోసినట్టే అక్కడ పూజలో, పెళ్లిలో, పితరులను తలచుకోవడంలో ఇలి ఉండాలి. మిషన్లలో చాలామంది పాదిరీలు దాన్ని మానమనే బోధించేవారు. గాంధీగారి ప్రభావంతో సభలోనూ నిషేధం వైపే గాలి వీస్తోంది. ఒక క్రైస్తవ సభ్యుడు ఊరుకుంటే సరిపోయేది. జైపాల్ లేచి, అది ఆదివాసీల మత హక్కు మీద దెబ్బ అని వాదించారు. నాట్ల కాలంలో మోకాలు లోతు నీళ్లలో పనిచేసే ఆదివాసీల సంగతి చెప్పారు. తన చర్చి ఆరాధనలో లేని ఆచారం కోసం, తన అన్నదమ్ముల ఆచారం కాబట్టి నిలబడ్డారు.

తాగుడు మన గూడేల్లో ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకు తెలుసు. ఆ విషయంలో జైపాల్ వాదనతో ఏకీభవించనివారు మనలోనే ఉంటారు. అయితే ఆయన అడిగిన అసలు ప్రశ్న వేరు. ఒక జాతి ఆచారం మంచిదో చెడ్డదో బయటివారు ఆ జాతిని అడగకుండా తేల్చవచ్చా? ఆ ప్రశ్నకు ఇప్పటికీ విలువ ఉంది.

ఐదవ షెడ్యూల్, మన ఏజెన్సీ

తెలుగు నేలకు జైపాల్‌తో నేరుగా ముడి పడేది ఇక్కడే. అస్సాం కాకుండా మిగిలిన ప్రాంతాల ఆదివాసీల కోసం రాజ్యాంగ సభ ఠక్కర్ బాపా అధ్యక్షతన ఒక ఉపసంఘం వేసింది. జైపాల్ అందులో సభ్యుడు. ఆ పనిలోంచే ఐదవ షెడ్యూల్ వచ్చింది. ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మం నుంచి గోదావరి, విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వరకు మన ఏజెన్సీ భూములకు నేడు ఉన్న రక్షణకు అదే పునాది. 1970లో గట్టిపడిన 1/70 చట్టం దాని అధికారంతో వచ్చినదే. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంతంలో గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు నిలిచిందీ దాని మీదే.

జైపాల్‌కు మాత్రం ఆ షెడ్యూల్ తృప్తి ఇవ్వలేదు. 1949 సెప్టెంబరులో చివరి రూపం సభ ముందుకు వచ్చినప్పుడు, మొదటి ముసాయిదాలో గిరిజన సలహా మండలికి ఉన్న బలం తగ్గిపోయిందని ఆయన బాధపడ్డారు. ఆదివాసీల మాటకు సలహాగా మాత్రమే కాక నిజమైన బరువు ఉండాలని కోరారు. తెలుగు రాష్ట్రాల్లో ఆ మండలి సమావేశాల గురించి పెద్దలు చెప్పే మాటలు విన్నవారికి ఆయన బాధ అర్థమవుతుంది.

ఆదివాసీ అన్న మాట కోసమూ ఆయన గట్టిగా వాదించారు. షెడ్యూల్డ్ తెగలు, వనజాతి వంటి మాటలు వద్దన్నారు. రాజ్యాంగంలోకి ఆయన కోరిన మాట రాలేదు. జనం నోట్లో మాత్రం నిలిచిపోయింది. ఈ సంచిక పుటల్లోనూ మనం రాసుకునేది ఆ మాటే. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1950లో వచ్చిన షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. ఏ దేవుడిని కొలిచినా ఆదివాసీ ఆదివాసీయే అన్నది అందులో ఉన్న అర్థం.

తప్పులు, నష్టాలు

గొప్పవారి గురించి రాసేటప్పుడు పూలదండలే వేస్తే వారి నుంచి నేర్చుకునేది తగ్గిపోతుంది. జైపాల్ జీవితంలో విమర్శకు దొరికే సంగతులు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బ్రిటిష్ ప్రభుత్వం వైపు నిలిచి ఆదివాసీ యువకులను సైన్యంలో చేరమన్నారు. స్వాతంత్య్ర పోరాటంలో ఉన్నవారు దీన్ని మరచిపోలేదు.

1948 జనవరి 1న ఖర్సావాన్‌లో ఒడిశాలో విలీనాన్ని వ్యతిరేకిస్తూ ఆదివాసీలు వేలల్లో గుమిగూడారు. జైపాల్ వచ్చి మాట్లాడతారని ఎదురు చూశారు. ఆయన రాలేదు. ఆ సంత మైదానంలో పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయినవారి లెక్క మీద నేటికీ ఏకాభిప్రాయం లేదు. జార్ఖండ్ ఆదివాసీలు ప్రతి కొత్త సంవత్సరం మొదటి రోజున వారిని తలచుకుంటారు.

1950 నాటికి మహాసభ జార్ఖండ్ పార్టీగా మారి ఆదివాసీలు కానివారికీ తలుపు తెరిచింది. కోడిపుంజు గుర్తు మీద 1952 ఎన్నికల్లో బిహార్ శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. జైపాల్ లోక్‌సభకు గెలిచారు. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం జార్ఖండ్ రాష్ట్రానికి ఒప్పుకోలేదు. తరువాతి ఎన్నికల్లో పార్టీ బలం తగ్గుతూ వచ్చింది. 1963లో ఆయన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. ఎన్నో ఏళ్లు ఆయన వెంట నడిచిన కార్యకర్తలకు అది మింగుడుపడలేదు. తమను అడగకుండా ఇల్లు అప్పగించినట్టు బాధపడ్డారు. అధికారంలో ఉన్నవారితో చేరితేనే ఏదైనా సాధించగలమని ఆయన వైపు వాదన. రాష్ట్రం మాత్రం ఆయన జీవితకాలంలో రాలేదు. 1970 మార్చి 20న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు. ముప్పై ఏళ్ల తరువాత, 2000 నవంబర్ 15న, బిర్సా జయంతి నాడు జార్ఖండ్ ఏర్పడింది.

మనం తీసుకోవలసింది

విశ్వాసం ఉన్న నాయకుడు తప్పు చేయడని జైపాల్ జీవితం చెప్పదు. చదువు, హోదా దొరికినవాడు వాటితో ఎవరి దగ్గరికి తిరిగి వచ్చాడన్నదాన్ని చూడమంటుంది. ఆయనకు చదువు ఇచ్చింది చర్చి. ఆ చదువును ఆయన చర్చి గోడల లోపల ఉన్నవారికే పంచలేదు. పహాన్ పూజ చేసే ఊరికీ, సర్హుల్ పండుగకు సాల పువ్వు తలలో పెట్టుకునే అక్కచెల్లెళ్లకూ దాన్ని తీసుకెళ్లారు. వారి ఆచారాన్ని వారి తరఫున సభలో కాపాడారు.

మన గూడేల్లోనూ మిషన్ బడుల్లో, మిషన్ ఆసుపత్రుల్లో మేలు పొందినవారు ఉన్నారు. ఉద్యోగాల్లో, పంచాయతీల్లో, అసెంబ్లీలో ఉన్న మన క్రైస్తవ సోదర సోదరీమణులు ఉన్నారు. విత్తనాల పండుగ, కొత్తల పండుగ, నాగోబా జాతర నిష్ఠగా చేసుకునేవారూ మన వాళ్లే. పట్టా భూమి పోయేటప్పుడు, గని లీజు వచ్చేటప్పుడు, ప్రాజెక్టు కింద ఊరు మునిగేటప్పుడు నీళ్లు ఇద్దరి ఇళ్లలోకీ ఒకేలా వస్తాయి. అప్పుడు ఒకరి కోసం ఒకరు ఫైలు పట్టుకుని కలెక్టరు ఆఫీసుకు నడిస్తే, మరాంగ్ గోంకే నడిచిన దారిలో మనమూ ఉన్నట్టే.

జనవరి 3న ఆయన జయంతి. ఆ రోజు మన సంఘాలు, బడులు, హాస్టళ్లలో పిల్లలకు ఆయన గురించి చెప్పుకుందాం. హాకీ కెప్టెన్ అని మాత్రమే చెప్పి ఆపకుండా, రాజ్యాంగ సభలో పక్కవాడి దేవుడి కోసం లేచి నిలబడిన ముండా బిడ్డ కథ కూడా చెప్పుకుందాం.

జోహార్.